నాలుగు వరుసలు విని పుస్తకం పేరు చెప్పడం ఎలా?

హనుమకొండలో మేం పది మందిమి నెలకో ఆదివారం ఎవరో ఒకరి ఇంట్లో కూడి ఒక ఆట ఆడతాం. ఒకరు ఏదో పుస్తకంలోంచి నాలుగైదు వరుసలు చీటీ మీద రాసుకొచ్చి చదివి వినిపిస్తారు. అది ఏ పుస్తకమో, ఎవరు రాశారో మిగతావాళ్లు చెప్పాలి. ఫోన్లన్నీ ముందే ఒక స్టీలు గిన్నెలో పెట్టేయాలి. మాలో తెలుగు ఎమ్మే చదివినవాళ్లు ఇద్దరున్నారు. అయినా ఎక్కువసార్లు గెలిచేది లైన్‌మన్‌గా చేసి రిటైరైన ఒక పెద్దాయన. తమాషా ఏమిటంటే, ఆయన పేరు చెప్పిన పుస్తకాల్లో సగం ఆయన చదవనివే. “చదవకుండ ఎట్ల చెప్తవు కాకా?” అని అడిగితే, “ఏయే ఇండ్లల్ల దీపాలు ఆరినయో చూస్తే ఏ ఫేజు పోయిందో స్తంభం ఎక్కకుండనే తెల్వదా బిడ్డా” అంటాడు.

కింద రాసినదాంట్లో ఎక్కువ భాగం ఆయన దగ్గర నేర్చుకున్నదే. మిగతాది నేను ఓడిపోయి నేర్చుకున్నది.

ముందుగా చేయాల్సిన పని, పేరు చెప్పకుండా ఉండటం. చీటీ వినగానే మనసులో ఒక పేరు మెరుస్తుంది. దాన్ని పక్కన పెట్టి వరుసలను ఇంకోసారి పైకి చదివించుకోండి. కంటితో చదివితే అర్థం మాత్రమే పట్టుకుంటాం. చెవితో వింటే యాస, తూగు, వాక్యం ఎక్కడ ఆగుతోందీ తెలుస్తాయి. అర్థం వెంట పడితే మోసపోతారు. పేదరికం, ప్రేమ, దొర జులుం గురించి వంద మంది రాశారు. విషయాన్ని బట్టి రచయితను చెప్పడమంటే చొక్కా రంగును బట్టి మనిషిని పోల్చుకోవడమే.

రెండో పని, అది పద్యమా వచనమా అని చూసుకోవడం. పద్యమైతే మీ పని సగం తేలిక.

పద్యం వస్తే

శతక పద్యమైతే చివరి పాదం చూడండి, మకుటమే పేరు చెప్పేస్తుంది. వేమన, సుమతి అందరికీ తెలుసు. ‘శ్రీకాళహస్తీశ్వరా’ అంటే ధూర్జటి. ‘దాశరథీ కరుణాపయోనిధీ’ అంటే భద్రాచల రామదాసు అనే కంచర్ల గోపన్న. ‘భూషణవికాస! శ్రీధర్మపుర నివాస! దుష్టసంహార! నరసింహ! దురితదూర!’ అంటే నరసింహ శతకం, రాసింది మన ధర్మపురి శేషప్ప కవి. కరీంనగర్ వైపు పాతతరం వాళ్లు ఈ చివరి రెండు పాదాలను నిద్రలో లేపి అడిగినా చెప్తారు. అందుకే చీటీ రాసేవాళ్లు మకుటం కోసేసి తెస్తారు. అప్పుడు ఛందస్సుకు దిగాలి.

ఛందస్సు అనగానే టెన్షన్ పడకండి. గణాలన్నీ రాకపోయినా ఆకారం చూస్తే కొంత తెలుస్తుంది. రెండేసి పాదాలుగా, ప్రాసతో, పాటలాగా సాగిపోతే ద్విపద. కాస్త పాత తెలుగు, పైగా శివభక్తుల కథ కూడా అయితే పాల్కురికి సోమనాథుడిని తలుచుకోవచ్చు. నాలుగు పొడుగాటి పాదాల కింద చిన్న పద్యం తోకలాగా ఉంటే సీసం. పొట్టి పాదం, పొడుగు పాదం మార్చి మార్చి వస్తే కందం. వృత్తాలకైతే వేళ్ల మీద అక్షరాలు లెక్కపెట్టండి. శార్దూలానికి 19, ఉత్పలమాలకు, మత్తేభానికి 20, చంపకమాలకు 21.

ఒకసారి చేసి చూద్దాం. ‘ఇంతింతై వటుడింతయై మఱియు దా నింతై నభోవీధిపై’. ఇం, తిం, తై, వ, టు, డిం, త, యై, మ, ఱి, యు, దా, నిం, తై, న, భో, వీ, ధి, పై. పందొమ్మిది వచ్చాయి, మొదటి మూడూ గురువులే, కాబట్టి శార్దూలం. అయితే శార్దూలం రాసిన కవులు కొల్లలు. ఇక్కడ కవిని పట్టిచ్చేది లెక్క కాదు, ఆ ‘ఇంతై, ఇంతై’ అని పెరిగే చప్పుడు. వామనుడు ఎంత పెరుగుతున్నాడో మాట కూడా అంత పెరుగుతోంది. ఒకే శబ్దాన్ని ఇలా మెట్లు మెట్లుగా ఎక్కించడం కనిపిస్తే నేను ముందు పోతననే అనుకుంటాను. ఇది అష్టమ స్కంధంలోది.

ఇక్కడే ఒక గొయ్యి ఉంది, నేను రెండుసార్లు పడ్డాను. భాగవతం అనగానే పోతన అనేయకండి. పంచమ స్కంధం బొప్పరాజు గంగనది, షష్ఠం ఏర్చూరి సింగనది, చివరి రెండు స్కంధాలు వెలిగందల నారయవి. భారతం కూడా అంతే. ఆది, సభాపర్వాలు, అరణ్యపర్వంలో కొంత నన్నయ రాస్తే, అరణ్యపర్వంలో మిగిలింది ఎర్రన, విరాటపర్వం నుంచి చివరిదాకా తిక్కన రాశారు. అందుకని పద్యంలో ఎవరి కథ నడుస్తోందో చూసి, అది ఏ పర్వమో తేల్చుకుని, ఆ తర్వాత కవి పేరు చెప్పండి. కీచకుడు కనిపిస్తే తిక్కన, శకుంతల కనిపిస్తే నన్నయ.

వచనం వస్తే

అసలు ఆట ఇక్కడుంది. క్రియాపదం చివర చూడండి. ‘వచ్చుచుండెను’, ‘పోయెను’ అని ఉంటే గ్రాంథికం. అరసున్నలు, బండి ఱ కూడా ఉంటే అచ్చు పాతదే అయ్యుండాలి. ‘వొచ్చింది’, ‘వొస్తాను’ అని వొ తో రాస్తే చలం, కొడవటిగంటి కాలం గుర్తుకు రావాలి. ‘వచ్చాడు’ అయితే ఏమీ తేలదు, అది అందరిదీ. ‘వచ్చిండు’ మనవైపుది. ‘ఎల్లిపోనాడు’, ‘నేదు’, ‘ఏటి’, ‘బేగి’ వరసగా వస్తే శ్రీకాకుళం, విజయనగరం వైపు చూడాలి. అయితే గ్రాంథికం కనబడినంత మాత్రాన నూరేళ్ల కిందటిదని తీర్మానించకండి. వ్యావహారికం స్థిరపడ్డాక కూడా పట్టుదలగా గ్రాంథికంలోనే రాసినవాళ్లున్నారు. అవతలివైపు, కన్యాశుల్కం మొదటి కూర్పు 1897లోనే వాడుక భాషలో వచ్చింది.

ఆ తర్వాత చిన్న మాటలు. కాకా ఆటంతా వీటిమీదే. రచయిత పెద్ద మాటలను ఏరి ఏరి వాడతాడు. బర్రెను ఏమనాలి, తల్లిని ఏమని పిలవాలి, సాయంత్రం తిన్నదాని పేరేమిటి అన్నవి ఏరుకోడు, ఇంట్లో విన్నట్టే రాసేస్తాడు. వాటిని పట్టుకోండి. పాలిచ్చే ఆ నల్లటి పశువు మనకు బర్రె, కోస్తాలో గేదె, రాయలసీమలో ఎనుము. తండ్రి ‘బాపు’ అయితే ఉత్తర తెలంగాణ అని సులువుగానే అనుకోవచ్చు. దవాఖాన, సడక్, తొవ్వ, పైలం, లొల్లి లాంటివి మీకు చెప్పక్కర్లేదు.

కానీ ఒక్క మాటతో తీర్పు ఇవ్వకండి. నా సంగతి చెప్తాను. ఓసారి చీటీలో ‘అవ్వ’ అని వచ్చింది. మా ఇంట్లో అవ్వ అంటే అమ్మ. ఇంకేముంది, “తెలంగాణ కథ” అని గట్టిగా అరిచాను, ఇద్దరు ముగ్గురు రచయితల పేర్లు కూడా చెప్పేశాను. తీరా చూస్తే అది చిత్తూరు వైపు కథ. అక్కడ అవ్వ అంటే నాయనమ్మో అమ్మమ్మో. కాకా నవ్వి, “అవ్వను జూసినవు గని, ఆమె పక్కకే ఎనుము కట్టేసి ఉన్నది. దాన్ని జూడలే నువ్వు” అన్నాడు. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ఒకే ప్రాంతాన్ని చూపించే మాటలు కనీసం మూడు దొరికేదాకా ఆ ప్రాంతం పేరు ఎత్తను.

డబ్బు, వెలుతురు, బండి, ఈ మూడూ కాలాన్ని చెప్తాయి. అణాల్లో బేరమాడుతున్నారంటే కథ నడుస్తున్నది నయాపైసలు వచ్చిన 1957కు ముందని ఒక అంచనా. మాటవరసకు వచ్చే అణాలను మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు. చారాణ కోడికి బారాణ మసాల అని మనం ఇవాళ కూడా అంటున్నాం కదా. హాలీ సిక్కా ప్రస్తావన వస్తే నిజాం రాజ్యం. పటేలు, పట్వారీ హోదాలో కనబడితే 1980లలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేయకముందు. కందిలి వెలుగుతోందా, బల్బు వెలుగుతోందా? కచ్చురం వచ్చిందా, బస్సు వచ్చిందా?

ఇప్పుడు ఈ ముక్క చూడండి. ఇది ఏ పుస్తకంలోదీ కాదు, సాధన కోసం నేనే రాశాను:

“పొద్దుగూకింది. బాపు బర్రెను కొట్టంల కట్టేసి, అవ్వ పెట్టిన మక్కగట్క తిని, కందిలి పట్టుకొని పటేలు ఇంటికి పోయిండు. నడుముకు కట్టిన సంచిల రెండు హాలీ రూపాయలున్నయి. అవి గూడ అప్పుకే.”

బాపు, బర్రె, గట్క అని మూడు మాటలు ఒకేవైపు చూపిస్తున్నాయి, కాబట్టి ఉత్తర తెలంగాణ. ఇక్కడ అవ్వ అమ్మే, ఎనుము భయం లేదు. హాలీ రూపాయలు, పటేలు ఉన్నారంటే కథ నిజాం కాలంలో నడుస్తోంది. చాలామంది ఇక్కడే ఆగిపోయి వట్టికోట ఆళ్వారుస్వామి పేరో దాశరథి రంగాచార్య పేరో చెప్పేస్తారు. ఆగండి. ఇందులో మాట్లాడుతున్నది పాత్ర కాదు, కథ చెప్పేవాడే ‘పోయిండు’ అంటున్నాడు. ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ కాలం నాటి తెలంగాణ నవలల్లో కథ చెప్పే వాక్యం మామూలు రాత భాషలోనే నడుస్తుంది, యాస ఎక్కువగా సంభాషణల్లోనే వినిపిస్తుంది. కథనం మొత్తం యాసలో రాయడం బాగా తర్వాత ఊపందుకుంది. అంటే కథ జరిగిన కాలం వేరు, రాసిన కాలం వేరు. నిజాం కాలం గురించి తర్వాతి తరం మనిషి ఎవరో రాస్తున్నారన్నమాట. ఈ ఒక్క తేడా పట్టుకోగలిగితే మీరు మా కాకాకు పోటీ వస్తారు.

తర్వాత చూడాల్సింది వాక్యం నడక. ఇది చెప్పడం కష్టం, చదవగా చదవగా పడుతుంది. కొన్ని మోటు గుర్తులు మాత్రం ఇస్తాను. కథంతా మాటల్లోనే నడిచి, గోదావరి పలుకుబడి పేజీకి పది తగిలితే శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి. ఒక పోలిక మీద ఇంకో పోలిక, దాని మీద ఇంకోటి పేర్చుకుంటూ, కోర్టులు, పోలీసులు, విశాఖ వైపు మాట ఉంటే రావిశాస్త్రి. చిన్నపిల్లాడు పెద్దవాళ్లను దబాయిస్తూ తన గొప్పలు చెప్పుకుంటుంటే ముళ్లపూడి బుడుగు. మనిషి తలలో ఆలోచన తెగి, అతుక్కుని, మళ్లీ తెగుతూ ఉంటే, ఆ కుర్రాడు ఉస్మానియా హాస్టల్లో ఉంటే, అది 1969 నాటి ‘అంపశయ్య’. అందులో కథంతా రవి అనే విద్యార్థి జీవితంలో ఒక్క రోజుదే. రాసిన నవీన్ సొంతూరు వావిలాల. పాల్కురికి సోమనాథుడి పాలకుర్తి, పోతన బమ్మెర, ఈ వావిలాల ఒకే మండలంలో ఉన్నాయి. ద్విపద, భాగవతం, చైతన్య స్రవంతి (ఆలోచనల ప్రవాహంగా కథ చెప్పే ఈ పద్ధతి) మూడూ ఆ చుట్టుపక్కలే పుట్టాయని మావాళ్లకు చెప్పినప్పుడల్లా నాకు కాస్త గర్వంగా ఉంటుంది. ఆటకు దీనితో పనేం లేదనుకోండి.

అనువాదాలు వస్తే తెలివైనవాళ్లు కూడా తడబడతారు. సమోవార్, కోపెక్కులు, తండ్రి పేరు కలిపి పిలిచే పొడుగాటి పేర్లు ఉంటే రష్యన్ అని ఎవరైనా చెప్తారు. చిక్కంతా బెంగాలీ రచయిత శరత్‌తోనే. ఆయన్ను తెలుగు రచయితే అనుకున్న పాఠకులు ఒకప్పుడు చాలామంది ఉండేవారు. పాత్రలు అన్నం తినేది మన లాగే, అలిగేది మన లాగే. అలాంటప్పుడు ఊళ్ల పేర్లు, వరసలు చూడండి. ‘దీదీ’ అన్న పిలుపు వినిపిస్తే, బండి బెంగాల్ వైపు మళ్లించి చూడొచ్చు.

పేరు తెలిసినా తప్పే చెప్పే చోట్లు

మావైపు తరచూ దొర్లే తప్పు దాశరథి. ‘నా తెలంగాణ కోటి రతనాల వీణ’ అని ఒకరు చదివితే, “దాశరథి” అని జవాబు వస్తుంది. ఏ దాశరథి? కవి కృష్ణమాచార్య. ‘చిల్లర దేవుళ్లు’, ‘మోదుగుపూలు’ నవలలు రాసింది తమ్ముడు రంగాచార్య. ఇద్దరిదీ చిన్నగూడూరే. ఇక దాశరథీ శతకం వీళ్లిద్దరిదీ కాదు, అది పైన చెప్పిన గోపన్నది. మా ఆటలో ఒట్టి ‘దాశరథి’ అంటే అర మార్కే.

ఇంకోటి కాళోజీది. ‘పుటుక నీది, చావు నీది, బతుకంతా దేశానిది’ అన్నది కాళోజీ గురించి ఇంకెవరో అన్నట్టుగా ఆయన ఫొటోల కింద చాలా చోట్ల కనిపిస్తుంది. నిజానికి జయప్రకాశ్ నారాయణ్ చనిపోయినప్పుడు కాళోజీయే రాసిన మాట అది. ఎవరు ఎవరి గురించి అన్నారో తిరగబడితే జవాబు కూడా తిరగబడుతుంది. ఫోన్లలో తిరిగే బొమ్మల కింద ఉన్న పేర్లనైతే నేను అస్సలు నమ్మను. మంచి మాట ఏది కనబడినా దాని కింద శ్రీశ్రీ పేరో చలం పేరో తగిలించేయడం మనవాళ్లకు అలవాటైపోయింది.

పాత్ర మాటను రచయిత మాట అనుకోవడం కూడా ఇలాంటిదే. పొగతాగనివాడు దున్నపోతై పుడతాడన్నది గిరీశం. గురజాడ కాదు.

సరిచూసుకోవడం

పేరు చెప్పడంతో పని అయిపోలేదు, రుజువు చూపించాలి. ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు వాక్యం మొత్తం కొట్టొద్దు. అరుదైన మాటలు రెండు మూడు ఏరి కొట్టండి. దొరక్కపోతే ర బదులు ఱ పెట్టి చూడండి, సంధి విడదీసి చూడండి, అరసున్న తీసి చూడండి. ‘దా నింతై’ అని ఒకచోట, ‘తానింతై’ అని ఇంకోచోట ఉంటుంది. పాత పద్యాలకు ఆంధ్రభారతి సైటు బాగా పనికొస్తుంది. స్కాన్ చేసిన పాత పుస్తకాలు ఆర్కైవ్‌లో బోలెడున్నాయి, కానీ అవి స్కాన్ చేసిన బొమ్మలే కాబట్టి లోపలి మాట వెతికితే చాలాసార్లు దొరకదు. పేజీలు తిప్పాల్సిందే.

నన్నడిగితే అన్నింటికన్నా నమ్మకమైనది అల్మారా ముందు నిలబడి చూడటమే. హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం 1904 నుంచి ఉంది. అలాంటి చోట పాత అచ్చు చేతిలోకి తీసుకుంటే ఏ కూర్పో కూడా తెలుస్తుంది. కూర్పుతో పనేమిటంటారేమో. కన్యాశుల్కమే చూడండి. 1909 నాటి రెండో కూర్పును గురజాడ దాదాపు తిరగరాశాడు. మీ చీటీలో ఉన్న మాట మొదటి కూర్పులో కనబడకపోవచ్చు. అలాగని మీరు చెప్పింది తప్పయిపోదు.

చీటీ రాసే వంతు మీదైతే

నాలుగు నుంచి ఆరు వరుసలు చాలు. పాత్రల పేర్లు కొట్టేసి గీత పెట్టండి. బుడుగులోని సీగానపెసూనాంబ పేరు అలాగే ఉంచేస్తే ఇక ఆటేముంటుంది? అందరికీ నోటికొచ్చిన వాక్యం తేవద్దు, దాని పక్కనున్న వాక్యం తెండి. ‘డామిట్, కథ అడ్డంగా తిరిగింది’ అన్నది పసిపిల్లలూ చెప్తారు. అలాగని ఏ గుర్తూ లేని ముక్క తేవడం కూడా అన్యాయమే. “అతను కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు ఆలోచించాడు” అని ఎవరైనా రాయొచ్చు. ప్రాంతానికి ఒకటి, కాలానికి ఒకటి అయినా గుర్తు ఉందో లేదో చూసుకోండి.

మార్కులు మేం ఇలా వేస్తాం. ప్రాంతం సరిగ్గా చెప్తే ఒకటి, కాలం పదేళ్లు అటూ ఇటుగా చెప్తే ఒకటి, రచయితకు రెండు, పుస్తకానికి రెండు. ఎలా పట్టుకున్నారో చెప్పగలిగితే ఇంకొకటి. ఈ చివరి మార్కు పెట్టాకే ఆట రక్తి కట్టింది. అంతకుముందు ఊరికే పేర్లు విసిరేవాళ్లం.

మర్చిపోకుండా చీటీ వెనకాల పుస్తకం పేరు, పేజీ నంబరు పెన్సిల్‌తో రాసుకోండి. నేను ఓసారి రాయలేదు. చదివి వినిపించాను, ఎవరికీ రాలేదు, సరే జవాబు చెప్దామంటే నాకే గుర్తు లేదు. చెరువు కట్ట మీద ఇద్దరు ఆడవాళ్లు బియ్యం అప్పు గురించి మాట్లాడుకుంటుంటారు. కాకా రెండుసార్లు చదివించుకుని, “నల్లగొండ దిక్కు మాట, రాసింది ఆడమనిషి, కరెంటొచ్చినంక సంగతి” అన్నాడు. అక్కడిదాకానే వచ్చాం. ఏడాది దాటింది, ఆ చీటీ ఇంకా ఆ స్టీలు గిన్నెలోనే ఉంది. ప్రతి నెలా ఫోన్లు దాని మీదే పెడుతున్నాం.